గళ్ళలో ఇమడని రాత

లియావ్ టీచర్ వ్యాసం కాగితాన్ని యంత్రం కింద పెట్టి గోడ మీది తెరకు ఎక్కించగానే క్లాసంతా ముందు నోరు తెరిచింది, ఆ తరవాత పగలబడి నవ్వింది. తెర మీద ఒక్కో అక్షరం గుమ్మడికాయంత కనిపిస్తోంది. కొన్ని పడుకున్నాయి. కొన్ని పక్కదాని భుజం మీద తల వాల్చాయి. ఒకటైతే అక్షరానికొకటిగా గీసిన గళ్ళలో తన గడి వదిలేసి, కింది గడిలోకి కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంది.

“ఇదెవరి రాతో నేను చెప్పక్కర్లేదుగా?” అంది లియావ్ టీచర్.

చెప్పక్కర్లేదు. తొమ్మిదో తరగతిలో అలా రాసేది టాన్ నింగ్‌యా ఒక్కతే.

“లే, నింగ్‌యా. నువ్వు రాసిందే కదా, ఆ మూడో వరస చదువు.”

నింగ్‌యా లేచి చదవడం మొదలుపెట్టింది. చైనీసులో చాలావరకు ఒక్క అక్షరమే ఒక మాట. నాలుగు మాటలు బాగానే నడిచాయి. ఐదో మాట దగ్గర ఆగిపోయింది. మెడ అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. అది ‘కొండ’లా ఉంది, ‘దుప్పటి’లా కూడా ఉంది. రాసేటప్పుడు తనేం అనుకుందో ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు.

“రాసినమ్మకే తెలీకపోతే చదివేవాడి గతేం కావాలి?” అని టీచర్ నిట్టూర్చింది. ఈసారి క్లాసు నవ్వలేదు. అదే నింగ్‌యాకు ఎక్కువ బాధనిపించింది.

లియావ్ టీచర్ చెడ్డది కాదు. నోరు కొరడా, అంతే. గంట కొట్టాక నింగ్‌యాను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పింది. “చూడమ్మాయ్, జూన్‌లో పెద్ద పరీక్షప్పుడు నీ కాగితం నా చేతికి రాదు. ఎక్కడో ఒక గదిలో, కంప్యూటర్ ముందు కళ్ళు మండిపోతూ కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది. ఆయన నీ వ్యాసాన్ని చూసేది ఒక్క నిమిషం. ‘ఏమ్మా, ఇక్కడ ఏం రాశావు’ అని అడగడానికి మీ ఇంటికి రాడు. నీ బుర్రలో బంగారం ఉన్నా సరే, ఆ నిమిషంలో ఆయనకి కనిపించేది ఈ కోడి గీతలే.”

ఆ మాట అబద్ధం కాదని నింగ్‌యాకు తెలుసు. ఆ ఊళ్ళో తొమ్మిదో తరగతి తరవాత దారి రెండుగా చీలిపోతుంది. మార్కులు గీత దాటినవాళ్ళు మొదటి హైస్కూలుకు వెళ్తారు, తక్కినవాళ్ళు చేతిపనుల బడికి. నింగ్‌యా మార్కులు ప్రతిసారీ సరిగ్గా ఆ గీత మీదే తచ్చాడుతుంటాయి. ఒక నెల కాలివేలు లోపలుంటుంది, ఇంకో నెల మడమ బయటుంటుంది. మిగతా పిల్లలు లెక్కల్లోనో ఇంగ్లీషులోనో మార్కులు పోగొట్టుకుంటారు. నింగ్‌యా మాత్రం రాత తీరులో పోగొట్టుకునేది.

టీచర్ తనే ఒక దిద్దుడు పుస్తకం తెచ్చి ఇచ్చింది. పేజీ నిండా గళ్ళు, గడికో పలచని ఎర్ర అక్షరం. దాని మీద నల్ల పెన్నుతో దిద్దాలి. రోజుకో పేజీ. నింగ్‌యా దిద్దింది. ఎర్ర అక్షరం ఉన్నంతసేపూ చెయ్యి బుద్ధిగా నడిచేది. ఖాళీ గడి రాగానే తాడు తెంచుకున్న దూడలా ఎటో పోయేది.

అదే రోజుల్లో నింగ్‌యా తల్లి గ్వీయింగ్ నూడిల్స్ కొట్టును చేపల సందులోంచి బస్టాండు ఎదుటికి మార్చింది. నాన్న ఎక్కడో దూరాన గ్వాంగ్‌డాంగ్‌లో టైల్స్ పనికి వెళ్ళి ఏళ్ళయింది, కొట్టు మొత్తం ఆవిడ రెక్కల మీదే నడుస్తోంది. కొత్త కొట్టు తెరిచేటప్పుడు గుమ్మానికి రెండు పక్కలా ఎర్ర కాగితం మీద శుభం పలికే రెండు పద్య పాదాలు నిలువుగా రాసి అతికించాలి. అలాంటివి బ్యాంకువాళ్ళు ఊరికే ఇస్తారు, కానీ కింద వాళ్ళ పేరు అచ్చేసి ఉంటుంది.

“నా గుమ్మానికి బ్యాంకోడి పేరెందుకు?” అంది గ్వీయింగ్. “నిన్ను తొమ్మిదేళ్ళు బడికి పంపింది దేనికే? నువ్వే రాయి.”

“అమ్మా, నా రాత నీకు తెలీదు.”

“రాత రాతే. ఎర్ర కాగితం, నల్ల సిరా. అందులో చెడిపోవడానికి ఏముందే?”

నింగ్‌యా తినే బల్ల తుడిచి, కాగితం పరిచి, కుంచె పట్టింది. మొదటి అక్షరం ఏనుగంత వచ్చింది. సగానికి వచ్చేసరికి కాగితం చాలదని తెలిసి మిగిలినవాటిని కుక్కింది, చివరి రెండూ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళలా తయారయ్యాయి. ఆ భయంతో రెండో కాగితం మీద చిన్నగా మొదలుపెట్టింది, కింద జానెడు ఖాళీ మిగిలిపోయింది. ఇంతలో మోచెయ్యి తగిలి కారం నూనె సీసా వొలికి ఆ ఖాళీలో ముదురెర్రటి బొట్టు పడింది. మొత్తం మీద ‘పొయ్యి మీద పులుసు నాలుగు కాలాలూ కాగుతుంది’ అని ఒక పక్క, ‘వీధిన పోయే ప్రతి మనిషీ చుట్టమై ఆగుతాడు’ అని ఇంకో పక్క గుమ్మానికి ఎక్కాయి.

గ్వీయింగ్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. “కాస్త... కదులుతున్నట్టున్నాయేమే?”

“తీసెయ్ అమ్మా, నీకు దణ్ణం పెడతాను.”

“అతికించిన ఎర్ర కాగితం పీకుతారటే ఎవరైనా? శుభమా అని కొట్టు తెరుచుకుంటూ! ఏడాది తిరిగేదాకా ఉండాల్సిందే.”

పక్కనే ఇనప సామాన్ల కొట్టు నడిపే వెయ్ ఆ సాయంత్రమే కూత పెట్టాడు. “గ్వీయింగ్ వదినా! మీ గుమ్మం తాగి తూలుతోంది, పట్టుకుని ఇంటికి దింపి రమ్మంటావా?”

నింగ్‌యా అప్పట్నుంచి బడి నుంచి వచ్చేటప్పుడు ముందు గుమ్మం మానేసి గిన్నెలు తోమే వెనక వాకిలి నుంచి లోపలికి వచ్చేది.

ఒక ఆదివారం ఉదయం గళ్ళ కోటు వేసుకుని, వేడినీళ్ళ సీసా చంకన పెట్టుకున్న ఒక ముసలాయన నూడిల్స్ చెప్పి, గిన్నె చేతికి వచ్చాక తినకుండా గుమ్మం ముందు నిలబడిపోయాడు. పులుసు మీద నూనె తెట్టు కట్టింది. ఆయన కదల్లేదు. ఫాన్ దావ్‌యువాన్, జిల్లా కుంచెరాత సంఘానికి ఉపాధ్యక్షుడు. ఊళ్ళో అందరూ ఫాన్ మాస్టారంటారు.

“ఏ పెద్దాయన చేత రాయించారమ్మా ఇది?”

“పెద్దాయనెవరూ లేడండీ. మా పిల్ల రాసింది.”

“పిల్లా! ఎక్కడ నేర్చుకుంది?”

“మీరు సీసా పెట్టారే, ఆ బల్ల మీదే రాసింది.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పేరున్న కుంచెరాతగాళ్ళలో కొందరికి ఈ మధ్య ఒక గాలి సోకింది. సగం జీవితం చక్కగా రాయడం నేర్చుకుంటారు, మిగతా సగం దాన్ని మరిచిపోవడానికి తంటాలు పడతారు. అక్షరం ఎంత వంకరపోతే అంత గొప్ప, ఎంత కురూపిగా ఉంటే అంత లోతు. మామూలు జనం చూసి ఇదేం ఖర్మ అనుకుంటారు, తెలిసినవాళ్ళు మాత్రం చూసి తలలూపుతారు. ఫాన్ మాస్టారు ఆ తలలూపే జట్టులో మనిషి.

“నేను ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నానమ్మా, ఒక్క గీత ఇలా రావాలని” అంటూ ఆయన ఫోను తీసి ఫోటోలు తీసుకున్నాడు. “ఎంత ప్రయత్నించినా సగంలో నా చెయ్యి మర్యాద గుర్తు తెచ్చుకుని నిటారుగా అయిపోతుంది. ఈ పిల్లకి ఆ రోగమే లేదు! ఈ చివర చూడండి, ఖాళీ ఎలా వదిలిందో. ఏం ధైర్యం!”

“కాగితం మిగిలిపోయిందండీ” అంది నింగ్‌యా తలుపు చాటు నుంచి.

“అదీ! మిగిలిపోనిచ్చావు చూశావూ! ఇంకొకరైతే నింపేసేవారు. ఆ ఖాళీలో ఈ ఎర్రచుక్క, సరిగ్గా రాసినవాళ్ళ ఎర్ర ముద్ర పడాల్సిన చోట...”

“అది కారం నూనె” అంది గ్వీయింగ్.

ఫాన్ మాస్టారు వినిపించుకునే స్థితిలో లేడు. నింగ్‌యా ఆయన మొహంలోకి తేరిపార చూసింది. వెక్కిరిస్తున్నాడేమో అని అనుమానం. కానీ ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరుగుతున్నాయి. అవే అక్షరాలు. తెర మీదికి ఎక్కితే నవ్వులు, గుమ్మానికి ఎక్కితే కన్నీళ్ళు. టీచరూ, ఈయనా ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరికీ కళ్ళజోళ్ళున్నాయి. మరి ఎవరి అద్దాల్లో తేడా ఉంది?

అంతలో ఆయనకు గల్లా పక్కనున్న దిద్దుడు పుస్తకం కనబడింది. దాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తాడు. “ఇదెవరిచ్చారు నీకు? ఇంక దీన్ని ముట్టుకోకు తల్లీ. చేతిని చంపేస్తుంది. వసంతంలో మా సంఘం ప్రదర్శన పెడుతోంది. దానికి ఒక కాగితం రాసివ్వు. బహుమతి గాని వచ్చిందా, మొదటి హైస్కూలువాళ్ళు కళల కింద కొందరు పిల్లల్ని తీసుకుంటారు, నేను మాట్లాడతాను.”

మొదటి హైస్కూలు పేరు వినేసరికి గ్వీయింగ్ గరిట దించింది. ఆయన వెళ్ళాక కూతుర్ని పట్టుకుంది. “ఇంతకీ నీ రాత బాగున్నట్టా, బాగోనట్టా?”

“నాకేం తెలుసమ్మా?”

“నీ చెయ్యే కదే! నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?” అని కసిరి, కాస్సేపు నూడిల్స్ వార్చుకుంటూ ఆలోచించి తేల్చేసింది. “పొద్దున టీచరు చెప్పినట్టు రాయి. సాయంత్రం ఆయన చెప్పినట్టు రాయి. ఏదో ఒకటి హైస్కూల్లో పడేస్తుందిలే.”

ఆవిడకు అది ఎంతో తేలికగా కనిపించింది. పొద్దున ఒకరకం పులుసు, సాయంత్రం ఇంకోరకం, గిన్నె మారిస్తే సరి. కానీ నింగ్‌యాకు ఉన్నది ఒకటే చెయ్యి.

చలికాలమంతా అలాగే గడిచింది. పొద్దున గళ్ళలో నల్ల పెన్నుతో దిద్దేది. సాయంత్రం పాత వార్తాపత్రికల మీద కుంచెతో ఇష్టం వచ్చినట్టు రాసేది. తనకున్న ‘ఇష్టం’ ఏమిటో ఆలోచించుకుంటూ రాసేది, తిప్పలన్నీ అక్కడే వచ్చాయి.

“ఈ గీత ఎందుకిలా వంగింది?” అని లియావ్ టీచర్ అడిగింది ఒక రోజు.

“దానంతటదే వంగింది టీచర్.”

“వంగుతుందని తెలిసి వంగనిస్తావా? చేతిని అదుపులో పెట్టుకోవాలి!”

అదే వారం ఫాన్ మాస్టారు వార్తాపత్రిక మీది రాత చూసి మూతి ముడిచాడు. “ఈ గీత ఎందుకు వంచావమ్మా?”

“వంకరగా ఉంటే మీకు బాగుంటుందని...”

“తప్పు! నువ్వు వంచకూడదు. అదే వంగాలి! చేతిని అదుపు లేకుండా వదిలెయ్యాలి!”

“ఎలా వదలాలండీ?”

“ఎలా అని అడిగావంటేనే వదల్లేదన్నమాట” అని ఆయన దిగులుగా నూడిల్స్ చప్పరించాడు.

నింగ్‌యాకు తల తిరిగిపోయేది. అన్నం తినేటప్పుడు చాప్‌స్టిక్స్ పట్టుకున్న తన వేళ్ళను చూసి అవి ఎవరివో అన్నట్టు ఆశ్చర్యపోయేది. చక్కగా రాద్దామంటే తోకలు వంగుతున్నాయి. వంకరగా రాద్దామంటే బొమ్మలు పేర్చినట్టు గళ్ళలో కూర్చుంటున్నాయి. క్లాసులో పక్కసీటు షిన్‌రు చూసి నవ్వింది. “నీ రాత ఇప్పుడు పెళ్ళికి తయారై, మధ్యలో పారిపోదామనుకున్న దానిలా ఉందే.”

వసంతంలో ప్రదర్శనకు కాగితం తీసుకెళ్తే ఫాన్ మాస్టారు చాలాసేపు చూసి, చుట్టి, వెనక్కి ఇచ్చేశాడు. “నన్ను తిట్టుకోకు తల్లీ. గుమ్మం మీదున్నది పిల్ల రాసింది. ఇది నాలాంటివాడు రాసినట్టుంది. నాలాంటివాళ్ళవి గోడ నిండా ఉన్నాయి.” ఆ తరవాత గ్వీయింగ్ వైపు తిరిగి చేతులు నలిపాడు. “పోనీ, ఆ గుమ్మం కాగితాలే జాగ్రత్తగా పీకి ఇస్తే...”

“అతికించింది పీకనండీ” అంది గ్వీయింగ్. “మీరు పెద్దవాళ్ళు, ఇంకేదన్నా అడగండి.”

దాంతో కళల దారి మూసుకుపోయింది. ఇంక మిగిలింది జూన్ పరీక్ష, ఒక వ్యాసం, ఆ గదిలో కళ్ళు మండే మనిషి, ఆయన నిమిషం.

పరీక్ష రోజు వాన. లియావ్ టీచర్ తన క్లాసు పిల్లలకు శుభం జరగాలని అందరు టీచర్లలాగే ఎర్రని పట్టు గౌను వేసుకుని, గొడుగు కింద గేటు దగ్గర నిలబడింది. ఆ గౌను ఆవిడకు నడుం దగ్గర బాగా బిగుతు. “నింగ్‌యా, గళ్ళు! గళ్ళు మరిచిపోకు!” అంది, ఊపిరి పట్టుకుని.

వ్యాసం ‘నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి’ మీద రాయమన్నారు. అర్థం కాని సంగతులైతే బోలెడు ఉన్నాయి గాని, అర్థమైనదేముందబ్బా అని నింగ్‌యా తెల్లమొహం వేసింది. కాసేపటికి నాన్న తోచాడు. ఆయన ఎప్పుడూ ఫోనులో మొహం చూపించేవాడు కాదు. కెమెరా పాడైందని చెప్పేవాడు. కొన్నాళ్ళ తరవాత ఒకసారి పొరపాటున బొమ్మ వచ్చింది. జుట్టు, కనుబొమలు, పెదాలు అన్నీ టైల్స్ కోసిన తెల్ల దుమ్ముతో కప్పుకుపోయి, ఆయన తాతలా ఉన్నాడు. వెంటనే బొమ్మ ఆరిపోయింది. కెమెరాకు ఏ రోగమూ లేదు.

నింగ్‌యా మొదలుపెట్టింది. ఒక్కో అక్షరాన్ని గడి మధ్యలో కూర్చోబెట్టింది, తోకలు కత్తిరించింది, తలలు సర్దింది. పేజీ కళకళలాడుతూ ముద్దొచ్చేలా తయారైంది. కానీ గీత మీద మనసు పెడితే మాట జారిపోతోంది. ‘మా నాన్న’ అని రాసి, ఆ ‘నాన్న’ నిటారుగా నిలబడ్డాడా లేదా అని చూసుకునేసరికి ఆయన గురించి ఏం చెప్పాలనుకుందో మరిచిపోతోంది. అలా మరిచిపోతూ, మళ్ళీ వెతుక్కుంటూ, మెల్లగా, అందంగా సాగింది.

“ఇంక పావుగంటే ఉంది” అన్నాడు పరీక్ష గదికి కాపలా ఉన్న మాస్టారు.

నింగ్‌యా ఉలిక్కిపడి చూసింది. సగం గళ్ళు ఖాళీ. వ్యాసంలో నాన్న ఇంకా ఫోను కూడా ఎత్తలేదు.

ఆ తరవాత ఏం జరిగిందో ఆమెకు సరిగ్గా తెలీదు. చెయ్యి పరిగెత్తింది. ఆమె దాని వెనక పరిగెత్తింది. దుమ్ము, కనుబొమలు, ఆరిపోయిన బొమ్మ, తను ఆ రోజు ‘ఎవరు నాన్నా నువ్వు’ అని అడగబోయి ఆగిపోవడం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చేశాయి. అవి గళ్ళలో ఉన్నాయో, గళ్ళ మీద ఉన్నాయో, గంట మోగేదాకా చూసుకోలేదు. గంట మోగాక చూసుకోవడానికి ధైర్యం చాల్లేదు.

గేటు దగ్గర గ్వీయింగ్, లియావ్ టీచర్ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు.

“ఎలా రాశావే?” అంది తల్లి.

“సగం టీచర్ చెప్పినట్టు. సగం... ఎలాగో.”

“మొదటి సగమా, రెండో సగమా ఎలాగో?” అని లియావ్ టీచర్ కంగారుగా అడిగింది.

“రెండోది.”

“అయ్యో దేవుడా! మార్కు వేసే ముందు కన్ను ఆగేది చివర మీదే కదే!” అని ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకునేసరికి పట్టు గౌను చంక కింద పర్‌మని చిరిగింది.

ఫలితాలు వచ్చేదాకా నింగ్‌యా గిన్నెలు కడిగింది. చేతిపనుల బడిలో వంట నేర్పే విభాగం మంచిదేనట అని వెయ్ ఓదార్చబోతే గ్వీయింగ్ అతని గిన్నెలో ఊరగాయ వెయ్యడం మానేసింది.

ఫలితాల రోజు పొద్దున ఫోను తెరిచి చూసింది వెయ్యే. నింగ్‌యా గిన్నెల తొట్టి వదిలి రాలేదు. “గీత దాటావే పిల్లా!” అని అరిచాడు. “మడమతో సహా లోపలున్నావు!” చైనీసు పేపర్లో ఆమెకు అంతకు ముందెప్పుడూ అన్ని మార్కులు రాలేదు. గ్వీయింగ్ ఏప్రాన్‌తో మొహం తుడుచుకుంది, ఆవిరి అంది.

మధ్యాహ్నం కాకముందే లియావ్ టీచర్ వచ్చింది. ఆవిడ కూర్చున్న కాస్సేపటికి వేడినీళ్ళ సీసాతో ఫాన్ మాస్టారు దిగాడు. ఇద్దరికీ అదే మొదటి పరిచయం. సగం సగం రాత సంగతి గ్వీయింగ్ నోట ఆయనా విన్నాడు.

“దిద్దుడు పుస్తకం వృథా పోలేదు” అంది లియావ్ టీచర్. “మొదటి పేజీ చూడగానే మార్కులు వేసేవాడికి ప్రాణం లేచొచ్చి ఉంటుంది.”

“మొదటి పేజీ లాంటివి ఆయన పొద్దుట్నుంచి వందలు చూసుంటాడమ్మా!” అన్నాడు ఫాన్ మాస్టారు. “రెండో పేజీ రాగానే లేచి కూర్చున్నాడు. ఎవరో మనిషి రాస్తున్నట్టుందే అనుకున్నాడు.”

“ఆ రెండో పేజీయే లేకపోతే ఇంకా ఎక్కువ వచ్చేవి!”

“ఆ మొదటి పేజీయే లేకపోతే ఇంకా ఇంకా ఎక్కువ వచ్చేవి!”

“నువ్వే చెప్పు నింగ్‌యా” అన్నారిద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగి.

ఏం చెబుతుంది? వచ్చింది ఒకే ఒక్క అంకె. అందులో ఏ సగానికి ఎంతో విడదీసి ఎవరూ రాయలేదు. అందంగా ఉన్న మొదటి సగాన్ని చూసి ఇచ్చారో, రెండో సగం కంటపడక ముందే ఇచ్చేశారో, లేక నాన్న కనుబొమల మీద దుమ్మును చూసి ఇచ్చారో, ఆ గదిలోని మనిషికే తెలియాలి. ఆయన ఇక్కడికి రాడని టీచరే చెప్పింది. గీత దాటాక అన్నీ తేటపడతాయని నింగ్‌యా చలికాలమంతా అనుకుంది. గీతైతే దాటింది గాని, ఏ కాలు ముందు పెట్టి దాటిందో తెలీలేదు.

“నింగ్‌యా!” అని పొయ్యి దగ్గర నుంచి కేకేసింది గ్వీయింగ్. “పులుసు అయిపోయింది. మీ వాదనలు వింటూ అడుగు కూడా గీకి పోసేశాను. ఏదన్నా రాసి బయట పెట్టవే, జనం ఊరికే లోపలికొచ్చి నన్ను తిట్టిపోతున్నారు.”

నింగ్‌యా అట్టపెట్టె మూత చింపి, మార్కరు తీసి, నిలబడే ‘ఈ రోజుకు పులుసు అయిపోయింది, రేపు పొద్దున రండి’ అని రాసి గుమ్మానికి ఆనించింది. వాదించుకుంటున్న ఇద్దరూ మెడలు చాపారు. కళ్ళజోళ్ళు సవరించుకున్నారు.

“ఇది నేను నేర్పింది కాదే” అంది లియావ్ టీచర్ నెమ్మదిగా.

“నేను చెడగొట్టిందీ కాదు” అన్నాడు ఫాన్ మాస్టారు, అంతకంటే నెమ్మదిగా.

అంతలో స్కూటరు ఆపి ఒకతను హెల్మెట్ తీయబోయాడు. అట్ట వైపు చూశాడు. “అప్పుడే అయిపోయిందా! ఛ!” అని హెల్మెట్ కిందికి నొక్కుకుని పోయాడు.

“చదివాడు!” అంది టీచర్.

“చదివి బాధపడ్డాడు!” అన్నాడు మాస్టారు. మళ్ళీ మొదలైంది.

నింగ్‌యా అట్ట వైపు చూసింది. అక్షరాలు పడుకోలేదు, బొమ్మల్లా కూర్చోనూ లేదు. ఎక్కడికో పని మీద పోతూ మధ్యలో నిలబడ్డట్టున్నాయి. ఇలాంటి రాత ఆమె ఎక్కడా చూడలేదు. ఇది తనదేనా, లేక తొందరలో అలా పడిపోయిందా?

పెట్టెకు ఉన్న రెండో మూత కూడా చింపి, బల్ల చివర కూర్చుని, అవే మాటలు మళ్ళీ రాసి చూసింది. సరిగ్గా అలా రాలేదు. అట్టను వెనక్కి తిప్పి ఇంకోసారి మొదలుపెట్టింది.